చచ్చింది నా క్లెరిక్, నేను కాదు

ఏడు నెలలు ఆడిన నా క్లెరిక్ (మంత్రాలు తెలిసిన పూజారి పాత్ర) బసవడు ఆమధ్య చచ్చిపోయాడు. దానికి నాకేం కోపం లేదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని, టేబుల్ చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా డైస్ వేస్తూ కథ నడిపే ఆట. అది ఆడేవాళ్లకి ఇది అలవాటే. హిట్ పాయింట్లు, అంటే ప్రాణం లెక్క, సున్నాకి వచ్చాయి, బతుకుతాడో లేదో తేల్చే డెత్ సేవ్ వేయమన్నారు. ఇరవై ముఖాల డైస్ మీద 10 కంటే తక్కువ పడితే ఫెయిల్, మూడు ఫెయిళ్లకు మనిషి పోయినట్టే. మొదటిసారే 1 పడింది. 1 పడితే ఒకేసారి రెండు ఫెయిళ్లు. తర్వాత 7. అంతే సంగతి. కామెడీ ఏంటంటే, చచ్చినవాణ్ణి నిమిషంలోపు లేపే రివివిఫై మంత్రం మా జట్టు (పార్టీ) మొత్తంలో వాడొక్కడికే వచ్చు. దానికి కావలసిన 300 బంగారు నాణేల వజ్రం కూడా వాడి సంచిలోనే ఉంది.

నా కడుపుమంటంతా ఆ తర్వాత జరిగినదాని మీదే. "కొత్త క్యారెక్టర్ లెవెల్ 1 నుంచి. మీరు ఊరు చేరాక కలుస్తుంది" అన్నాడు మా డీఎం, అంటే ఆట నడిపించేవాడు. మిగతా అందరూ లెవెల్ 5. ఊరు చేరడానికి రెండు ఆదివారాలు పట్టింది. ఆ రెండు ఆదివారాలూ నేను సోఫాలో కూర్చుని వాళ్లు ఆడుతుంటే చూశాను. కింద బండి దగ్గర్నుంచి మిర్చి బజ్జీలు తెచ్చే డ్యూటీ కూడా నాదే.

మూడో వారం నా కొత్త క్యారెక్టర్, ఓ మంత్రగత్తె (విజార్డ్), దిగింది. 8 హిట్ పాయింట్లు. మొదటి ఫైట్‌లోనే శత్రువు ఫైర్‌బాల్ వేశాడు. ఆరు ముఖాల డైస్ ఎనిమిది గలగలమన్నాయి, మొత్తం 27. దెబ్బ తగ్గించుకోవడానికి వేసే నా సేవ్ పోయింది. పక్కన ఫైటర్‌కి 44లో 27 పోయి 17 మిగిలాయి, "అబ్బా, కాలింది" అని బజ్జీ అందుకున్నాడు. నా 8 పోయాక ఇంకా 19 దెబ్బ మిగిలే ఉంది. మిగిలిన దెబ్బ మన పూర్తి హిట్ పాయింట్లకి సమానమైనా, మించినా డెత్ సేవ్ కూడా ఉండదు, అక్కడికక్కడే చావు. నా విజార్డ్ పేరేంటో కూడా వాళ్లింకా అడగలేదు.

"చావుకి విలువుండాలి కదా మామా" అంటాడు డీఎం. ఉంది కదరా! బసవడు కట్టిస్తానని మొక్కుకున్న గుడి అలాగే ఆగిపోయింది, వెతుకుతున్న చెల్లెలు ఇక దొరకదు. ఇంకేం విలువ కావాలి? మళ్లీ లెవెల్ 1కి తోసేయడం వైకుంఠపాళి పద్ధతి. అయినా వైకుంఠపాళిలో పెద్ద పాము మింగినా మన వంతు మనకొస్తుంది. ఇక్కడ అది కూడా లేదు.

"పాతకాలంలో ఇలాగే ఆడేవాళ్లు" అనేది ఇంకో మాట. నిజమే, కానీ 1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆట తెచ్చినప్పటి లెక్కలు వేరు. క్యారెక్టర్ తయారీ కాసేపటి పని. పై లెవెల్‌కి వెళ్లేకొద్దీ కావలసిన అనుభవం పాయింట్లు దాదాపు రెట్టింపవుతూ పోయేవి కాబట్టి, పాతవాళ్లు ఒక్క మెట్టు ఎక్కేలోపు కొత్తవాడు కిందిమెట్టు దాకా వచ్చేసేవాడు. డబ్బులిచ్చి వెంట తెచ్చుకున్న బంట్లలో ఒకణ్ణి తీసుకుని అప్పటికప్పుడు ఆట కొనసాగించేవాళ్లూ ఉన్నారు. మనవాళ్లు అవన్నీ వదిలేసి శిక్ష ఒక్కటే పట్టుకున్నారు. 1984లో వచ్చిన పారనోయా అనే ఇలాంటి ఆటే చూడండి. అందులో చావు మంచినీళ్లప్రాయం, అందుకే ఒక్కొక్కరికి ఆరేసి క్లోన్లు. (1977 నాటి ట్రావెలర్ ఆటలోనైతే క్యారెక్టర్‌ని తయారుచేస్తుండగానే చంపుకోవచ్చు. అదో పైత్యం.)

ఇక "అడవి మధ్యలో కొత్త మనిషి ఎక్కణ్ణుంచి ఊడిపడతాడు, లాజిక్ ఉండాలిగా" అనేవాళ్లు. డ్రాగన్ మాట్లాడితే లేని అభ్యంతరం దీనికి! కురుక్షేత్రంలో పదో రోజు భీష్ముడు పడిపోయాడు. అప్పటిదాకా పక్కన కూర్చున్న కర్ణుడు పదకొండో రోజు దిగాడు, పూర్తి లెవెల్‌తో. ముందు కాల్బలంలో చేరి పైకి రమ్మని దుర్యోధనుడు అనలేదు. కొత్త క్యారెక్టర్‌ని పక్క గదిలో గొలుసులతో కట్టేసిన ఖైదీగా దింపడం అరిగిపోయిన ట్రిక్కే, ఒప్పుకుంటా. కానీ అరగంటలో మనిషి మళ్లీ ఆటలో ఉంటాడు.

అలాగని ఏదైనా ఓకే అనట్లేదు. చచ్చినవాడి కవల తమ్ముడు, అదే క్లాసు (పాత్ర రకం), అదే గొడ్డలి, పేరులో ఒక్క అక్షరం తేడా... సినిమాలో డబుల్ రోల్ అయితే విజిల్ వేస్తా, టేబుల్ దగ్గర మాత్రం ఒళ్లు మండుతుంది. చావు విలువ తీసేది అదీ. ఇంకొకటి, శవం చల్లారకముందే సరుకు పంచుకోవడం. కొత్తవాడు తన వంతు మేజిక్ సామాను తనతో తెస్తాడు, పాతవాడిదీ పార్టీలోనే ఉంటుంది, రెండు సెషన్లలో అందరూ కుబేరులే. వాడితోపాటే పూడ్చేయండి, లేదా వాడింటికి పంపండి.

విజార్డ్ పోయిన రోజు డీఎం కాసేపు ఏం మాట్లాడలేదు. ఖాళీ క్యారెక్టర్ షీట్ నావైపు జరిపి "లెవెల్ ఐదే రాసుకో" అన్నాడు. ఈసారి కూడా క్లెరిక్‌నే తీసుకున్నా, బసవడితో ఏ చుట్టరికమూ లేని ముసలావిడ. వచ్చీరాగానే బసవడి వజ్రం ఎవరి దగ్గరుందని అడిగా. మా రోగ్ (జట్టులో దొంగ పాత్ర వేసేవాడు) బజ్జీ నములుతూ, ఊరు చేరిన రోజే అమ్మేశానన్నాడు.