రిటైరయ్యాక చదువేంటన్న మెసేజ్‌కి జవాబు

"60 దాటాక పుస్తకం పడితే కళ్లు పోతాయి, చదివింది బుర్రలో నిలవదు, రాత చిన్నప్పుడే అబ్బాలి." ఈ మధ్య తెగ తిరుగుతున్న మెసేజ్ ఇది.

చదివితే కళ్లు పోవు. 40 దాటాక కంటి లోపలి కటకం బిరుసెక్కి, దగ్గరి అక్షరాలు ఆనవు. అదే చత్వారం, పుస్తకం ముట్టనివాళ్లకీ వస్తుంది. చదివేటప్పుడు కళ్లు లాగుతున్నాయంటే పాత నంబరు అద్దాలో, రెప్ప వేయడం తగ్గి కన్ను ఆరిపోవడమో, వెలుతురు చాలకపోవడమో కారణం. వయసుతో కంటిపాప చిన్నదై, కటకం పచ్చబడుతుంది. 60 ఏళ్ల కంట్లో రెటీనాకు (కంటి వెనక బొమ్మ పడే పొరకు) చేరే వెలుతురు 20 ఏళ్లప్పటిదాంట్లో సుమారు మూడో వంతే. గది మధ్య బల్బు ఏం సరిపోతుంది? కుడిచేత్తో రాసేవాళ్లు ఎడమ భుజం పక్క నుంచి పేజీ మీద పడేలా లాంప్ పెట్టుకోవాలి. పుస్తకం 40 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల అవతలికి 20 సెకన్లు చూడాలి. పైన దూరానికి, అడుగున దగ్గరికి చూపే ప్రోగ్రెసివ్ అద్దాల అడుగుభాగం నుంచి చదవాలని గడ్డం ఎత్తి కూర్చుంటే మెడ పట్టేస్తుంది. చదువుకి విడిగా ఒక జోడు చేయించుకోవడం నయం. ఉన్నట్టుండి చూపు మసకబారినా, తెర దిగినట్టున్నా అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

బుర్రలో నిలవదన్నది సగం నిజం. వేగం తగ్గుతుంది, పేర్లు ఓ పట్టాన తట్టవు. తెలిసిన మాటల నిల్వ మాత్రం 60ల్లోనూ తరగదు. చదివింది జారిపోవడంలో పద్ధతి వాటా పెద్దది. గీతలు గీసి అదే పేజీ మళ్లీ తిరగేస్తే వచ్చేసిందనిపిస్తుంది, అంతే. పది పేజీలయ్యాక పుస్తకం మూసి, చూడకుండా మూడు వాక్యాలు రాయండి. రానిచోట తెరిచి చూడండి. మర్నాడోసారి, వారానికోసారి ఇదే పని.

ఇక రాత. చాలామంది "నేను ఫలానా ఏట పుట్టాను" అని మొదలుపెడతారు. నాలుగో పేజీకి బండి ఆగుతుంది. జీవితమంతా ఒకేసారి మోయబోతే ఆగక ఏం చేస్తుంది? ఒక వస్తువు పట్టుకోండి. ఆఫీసులో ఏళ్లతరబడి కూర్చున్న కుర్చీ: చెయ్యి ఎక్కడ అరిగింది, ఎటు వాలితే కిర్రుమనేది, కాలికింద మడిచి పెట్టిన కాగితం ఎన్నిసార్లు మార్చారు. 20 నిమిషాలకు అలారం పెట్టి, మోగగానే వాక్యం మధ్యలోనే ఆపండి; రేపు ఎక్కడ ఎత్తుకోవాలో తెలుస్తుంది. రాసిన రోజే దిద్దకండి, కన్ను కాగితం మీది మాట వదిలి మనసులోది చదివేస్తుంది. వారం ఆగి పైకి చదవండి. ఊపిరి అందని వాక్యాన్ని రెండు చేయండి. బొటనవేలి మొదట్లో నొప్పి వస్తే లావుపాటి పెన్ను వాడండి.