పొలాన్ని పొలంగానే ఉంచుకుంటానంటే?

బెంగళూరు దగ్గరి దేవనహళ్లి పక్కన చన్నరాయపట్న హోబళిలో 1,777 ఎకరాల సేకరణను కర్ణాటక ప్రభుత్వం 2025 జులైలో విరమించుకుంది. మూడేళ్లకు పైగా పోరాడిన రైతులది నిజమైన గెలుపే. అయినా ఆ పొలాలు పొలాలుగానే మిగులుతాయన్న పూచీ లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్న దేవనహళ్లి, చిక్కబళ్లాపురం, కోలారు వైపు ద్రాక్షతోటలు లేఅవుట్లుగా మారడం కొత్తేమీ కాదు. కర్ణాటక భూసంస్కరణల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత సాగుతో సంబంధం లేనివాళ్లూ పొలం కొనొచ్చు. (ఆదివారం ప్లాట్లు చూడటానికి వచ్చే కార్లలో మనవాళ్లవీ తక్కువేం కాదు.)

అమ్మదలచిన రైతుకు దారులు బోలెడు. తన తర్వాత కూడా అక్కడ సాగే జరగాలనుకునే రైతుకు మాత్రం చట్టం ఏ దారీ చూపడం లేదు.

అమెరికాలో ఇందుకు కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ ఉంది. భూమి యజమానిదే, దున్నుకోవచ్చు, అమ్ముకోవచ్చు, పిల్లలకు పంచొచ్చు. కట్టడాల హక్కును మాత్రం ఒక ట్రస్టుకో ప్రభుత్వ సంస్థకో రాసిస్తాడు. ఆ తర్వాత ఆ భూమి ఎవరు కొన్నా షరతు వర్తిస్తుంది. మన 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టంలో ఇది ఇమడదు. దారి, నీటికాలువ లాంటి హక్కులు ఒక భూమి అవసరం కోసం ఇంకో భూమి మీద ఉండేవి. సొంత పొలమే లేని ట్రస్టుకు అలాంటి హక్కు పుట్టదు. వన్యప్రాణి చట్టంలోని కమ్యూనిటీ రిజర్వు (ఊరివాళ్లు తమ భూమిలోనే వన్యప్రాణులను కాపాడుకునే ఏర్పాటు) కొంత దగ్గరగా వస్తుంది. మద్దూరు తాలూకా కొక్కరె బెళ్లూరులో ఊరివాళ్ల చింతచెట్ల మీద కొంగలు, గూడబాతులు గూళ్లు కడతాయి. 2007లో దాన్ని కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించారు. ఇలాగే కొంగలు వచ్చి గూళ్లు కట్టే, హిందూపురం దగ్గరి వీరాపురం ఎరిగినవారికి ఆ అనుబంధం అర్థమవుతుంది. కానీ కొంగ వాలని రాగిచేనును ఆ చట్టం కాపాడుతుందా?

కర్ణాటక సొంతంగా చట్టం చేయాలన్నది మా అభిప్రాయం. అయితే అమెరికా పద్ధతిని ఉన్నదున్నట్టు దింపుకోకూడదు. అక్కడ ఎర ఆదాయపు పన్ను రాయితీ. భూమి విలువను పెంచి చూపి పన్ను ఎగ్గొట్టడం వ్యాపారంగా మారడంతో 2022లో చట్టంతో కట్టడి చేయాల్సి వచ్చింది. మన దగ్గర సాగు ఆదాయానికి పన్నే లేదు. రాయితీ ఇస్తే ఫామ్‌హౌస్ యజమానికి లాభం, రెండెకరాల రైతుకు సున్నా. ఆ రైతుకు కావాల్సింది డబ్బు. రోడ్ల విస్తరణకు స్థలం ఇచ్చినవారికి బెంగళూరులో టీడీఆర్ (వేరేచోట అదనంగా కట్టుకోవడానికి వాడుకునే, అమ్ముకోదగ్గ హక్కుపత్రం) ఇస్తున్నారు. రైతు వదులుకున్న కట్టడాల హక్కునూ అలాగే నగరంలోని బిల్డర్లు కొనేలా చేయొచ్చు. మేరీల్యాండ్‌లోని మాంట్‌గొమరీ కౌంటీ 1980 నుంచి చేస్తున్నది ఇదే. మన టీడీఆర్‌లో అక్రమాలు దర్యాప్తుల దాకా వెళ్లాయి కాబట్టి ప్రతి పత్రమూ ఆన్‌లైన్‌లో అందరికీ కనిపించాలి.

షరతు పహణీలో, బ్యాంకు అప్పు నమోదయ్యే చోటే ఉండాలి. కూతుళ్లతో సహా వాటాదారులందరి సంతకాలూ తప్పనిసరి. శాశ్వతం అంటే టెన్షన్ పడేవారికి మొదట 30 ఏళ్ల ఒప్పందం ఇవ్వొచ్చు. ఇంకొక నిబంధన అన్నిటికన్నా ముఖ్యం. కట్టడాల హక్కు లేని భూమికి మార్కెట్‌లో ధర పడిపోతుంది. రేపు ప్రభుత్వమే సేకరణకు వస్తే, ఆ షరతు లేనట్టే లెక్కగట్టి పరిహారం చెల్లించాలి. లేకపోతే ఈ చట్టమే చౌకగా భూమి లాక్కునే మార్గం అవుతుంది.