ఆడని పోటీలో ఓడామట!

పది రోజులుగా ఒకే సందేశం నా ఫోనుకు పదకొండు సార్లు వచ్చింది. పదో తరగతి మిత్రుల బృందంలో ముగ్గురు పెట్టారు. మా బావమరిది పంపాడు, ఆయన పంపిన గంటకు మా చెల్లెలు పంపింది. చివరికి, పాతికేళ్ల క్రితం నాతో పాటు నీళ్లలో దిగి వాటర్‌ పోలోలో, అంటే ఈదుతూ బంతిని గోల్‌లోకి విసిరే ఆటలో, గోల్‌ కాచిన స్నేహితుడు కూడా, కింద దండం బొమ్మ పెట్టి మరీ పంపాడు. మిగతా వాళ్లకు తెలియదు, పోనీలే అనుకున్నాను. వీడికేమైంది? అక్కడితో నా ఓపిక అయిపోయింది.

ఆ సందేశం చూడనివాళ్లకు సారాంశం చెబుతాను. దాని శీర్షిక ‘మనం మరిచిన బంగారం’. 1951 ఆసియా క్రీడల్లో మన పురుషుల వాటర్‌ పోలో జట్టు జపాన్‌, చైనాలను చిత్తు చేసి స్వర్ణం గెలిచిందట. ఒకసారి గెలిచిన దేశానికి శాశ్వతంగా నేరుగా ప్రవేశం ఉంటుందట, దాన్ని మన నుంచి లాక్కున్నారట. ఐరోపాలో ఛాంపియన్లు సహా అందరూ అర్హత పోటీలు ఆడతారట, ఆసియాలోనూ అలాగే పెడతారట, మనవాళ్లు ప్రతిసారీ వాటిలోనే ఓడి ఇంటికి వస్తున్నారట. 2025లో అహ్మదాబాద్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్‌ ఆడింది దొడ్డిదారినట. ఇది ఆరడుగుల ఐరోపావాళ్ల ఆట కాబట్టి మన పిల్లల్ని ఇందులో చేర్చడం దండగట. మధ్యలో ఎక్కడో, ఈ ఆట గుర్రాల పోలో నుంచి పుట్టిందని కూడా ఉంది.

గుర్రాల సంగతి ముందు తేల్చేస్తాను. పంతొమ్మిదో శతాబ్దపు బ్రిటన్‌లో ఈతగాళ్లు పుట్టించిన ఆట ఇది. గుర్రాల ఆటతో దీనికి పేరు తప్ప చుట్టరికం లేదు.

1951 సంగతి. స్వర్ణం నిజం. ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలవి. వంద మీటర్ల ఈతలో స్వర్ణం గెలిచిన సచిన్‌ నాగ్‌ కాలం అది. కానీ మనం చైనాను ఎలా చిత్తు చేస్తాం? ఆ క్రీడలకు చైనా రానేలేదు. చైనా ఆసియా క్రీడల్లో మొదటిసారి కనిపించింది 1974లో, టెహ్రాన్‌లో. జపాన్‌ ఢిల్లీకి వచ్చింది గానీ, 1951 ఈత పతకాల పట్టికంతా వెతికినా జపాన్‌ ఈతగాడి పేరు ఒక్కటీ దొరకదు. ఆ రోజుల్లో ప్రపంచాన్ని ఏలుతున్న ఈతగాళ్లు వాళ్లు. బరిలో ఉండి ఉంటే పట్టికలో లేకపోవడమా? వాటర్‌ పోలోలో మనం వెనక్కి నెట్టిన జట్టు సింగపూర్‌. మూడేళ్లకు మనీలాలో అదే సింగపూర్‌ స్వర్ణం తీసుకుంది. 1958 నుంచి 1970 దాకా వరుసగా నాలుగు సార్లు జపాన్‌ గెలిచింది. మన గెలుపును తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. గెలిచినవాళ్లు గెలిచినట్టే. వాళ్లు ఓడించని జట్లను వాళ్ల ఖాతాలో వేస్తే గౌరవం పెరుగుతుందా?

శాశ్వత ప్రవేశం అనేది ఏ ఖండంలోనూ లేదు. ఐరోపా ఛాంపియన్‌షిప్‌ను 1926లో బుడాపెస్ట్‌లో మొదలైన ఏడాదే హంగరీ గెలిచింది, ఇప్పటికి పదమూడు సార్లకు తక్కువ కాకుండా గెలిచింది. ఆ హంగరీకే పాత పతకాలు చూపిస్తే తలుపు తీయరు.

ఇప్పుడు అసలు పాయింటు. ‘ఆసియా అర్హత పోటీల్లో మనవాళ్లు ఓడిపోతున్నారు.’ ఈ ఒక్క వాక్యం కోసమే నేను రాయడానికి కూర్చున్నాను.

ఐరోపాలో అర్హత పోటీలు ఉన్న మాట వాస్తవం. 2014లో అక్కడ పురుషుల ఛాంపియన్‌షిప్‌లో పన్నెండు జట్లే ఆడాయి, 2016లో బెల్‌గ్రేడ్‌లో పదహారు చేశారు. ఆతిథ్య దేశం నేరుగా వస్తుంది. గత ఛాంపియన్‌షిప్‌లో పై స్థానాల్లో నిలిచినవాళ్లు నేరుగా వస్తారు. ఆ సంఖ్య ఒక్కో పోటీకి కొంచెం అటూ ఇటూ మారుతుంటుంది. మిగిలిన చోట్ల కోసం అర్హత టోర్నీలు ఆడాలి. సందేశంలో రాసినట్టు ఛాంపియన్లు సహా అందరూ అర్హత పోటీ ఆడరు. అక్కడ అర్హత పోటీ ఎందుకు వచ్చింది? పదహారు చోట్లకు మించి జట్లున్నాయి కాబట్టి. నడుము లోతు నీళ్లు దొరికితే బంతి విసిరే దేశాలవి. మధ్యధరా తీరంలో, డాన్యూబ్‌ వెంట ప్రతి ఊరికీ ఒక క్లబ్బు ఉంటుంది. గుమ్మం ముందు జనం ఎక్కువైనప్పుడే వరుస అవసరం.

ఆసియా క్రీడల వాటర్‌ పోలోకు అలాంటి వరుస లేదు. 2023 హాంగ్‌జౌ క్రీడలకు, అంతకు ముందు 2018 జకార్తా క్రీడలకు ఏ దేశమూ అర్హత టోర్నీ ఆడి రాలేదు. ప్రతి దేశపు ఒలింపిక్‌ సంఘం తన జట్టు పేరు పంపుతుంది, జట్టు వెళ్లి ఆడుతుంది. ఓడిపోవాలంటే ముందు పోటీ ఉండాలి కదా? ఏ ఊళ్లో ఓడామో, ఎన్ని గోల్స్‌ తేడాతో ఓడామో, ఎవరి చేతిలో ఓడామో ఆ సందేశం రాసిన పెద్దమనిషి ఒక్కసారి చెప్పాలి. చెప్పలేరు. జరగని మ్యాచ్‌కు స్కోరు ఉండదు.

మరి మన జట్టు హాంగ్‌జౌలో ఎందుకు లేదు? మన గుమ్మం ఢిల్లీలో ఉంది. ఈత సమాఖ్య, ఒలింపిక్‌ సంఘం దాటి క్రీడల మంత్రిత్వ శాఖ అనుమతి దాకా పోవాలి. హాంగ్‌జౌ ముందు, 2023 జులైలో, ఆ శాఖ ఒక కొలమానం పెట్టింది. జట్టు ఆటలైతే, గత ఏడాది కాలంలో ఆసియా దేశాల మధ్య ఎనిమిదో స్థానం లోపు ఉండాలి. అంతే. ఇదే నియమం దగ్గర ఫుట్‌బాల్‌ జట్లు ఆగిపోతే దేశమంతా గోల చేసింది. పురుషుల జట్టు అప్పుడు ఆసియాలో పద్దెనిమిదో స్థానంలో ఉంది. కోచ్‌ బహిరంగంగా ప్రధానమంత్రికి విన్నవించుకున్నాడు. నియమం సడలించి పురుషుల జట్టునూ, మహిళల జట్టునూ పంపారు. వాటర్‌ పోలో కోసం ఆ పది రోజుల్లో ఎవరైనా ఒక్క వాక్యం రాశారా? నాకు పదకొండు సార్లు సందేశం పంపినవాళ్లలో ఒక్కరు రాశారా?

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి, ఇష్టం లేకపోయినా. ఆ నియమం మూర్ఖమైనది కాదు. ప్రజల డబ్బుతో వందల మందిని పంపేటప్పుడు ఏదో ఒక గీత గీయాలి. మనం ఆ క్రీడలకు వెళ్లి ఉంటే కజకిస్థాన్‌ చేతిలో, జపాన్‌ చేతిలో చిత్తుగా ఓడేవాళ్లం. సందేశం రాసినవాడు ‘మన స్థాయి చాలదు’ అన్నంత వరకే ఆగి ఉంటే నేను నోరు మూసుకునేవాడిని. 1994లో కజకిస్థాన్‌ ఆసియా క్రీడల్లో అడుగు పెట్టిన ఏడాదే స్వర్ణం ఎత్తుకుపోయింది. సోవియట్‌ కాలపు శిక్షణంతా వాళ్ల వెనక ఉంది. 2018 దాకా ఆరు స్వర్ణాలు వాళ్లవే. ఆ దెబ్బకు ఆసియాలో ఈ ఆట స్థాయే మారిపోయింది.

నా బాధ నియమం మీద కన్నా అది తిరిగే వలయం మీద. ఎనిమిదో స్థానంలో ఉన్నామని చూపించాలంటే ఆసియా స్థాయిలో ఆడాలి. ఆడాలంటే పంపాలి. పంపాలంటే స్థానం చూపించాలి. ఫుట్‌బాల్‌కైతే ఏడాదిలో పలుమార్లు మారే ర్యాంకు ఉంటుంది. మా ఆటకు ఆసియా ఛాంపియన్‌షిప్‌ ఏటా జరగదు. ఒక టోర్నీకి వెళ్లలేకపోతే ఆ జట్టు పేరు ఏ పట్టికలోనూ ఉండదు. ఆడనందువల్ల రాని స్థానాన్ని ‘ఓటమి’ అని ఫోనుల్లో పంచుతున్నారు.

అహ్మదాబాద్‌ను దొడ్డిదారి అన్నవాళ్లకు కూడా ఇందులోనే జవాబుంది. ఆతిథ్య దేశానికి చోటు ఇవ్వడం అన్ని ఖండాల్లోనూ ఉన్నదే. 2012 లండన్‌ ఒలింపిక్స్‌లో బ్రిటన్‌, రియోలో బ్రెజిల్‌, టోక్యోలో జపాన్‌, పారిస్‌లో ఫ్రాన్స్‌ అలాగే ఆడాయి. వాటిని ఎవరైనా దొడ్డిదారి అన్నారా? మన జట్టుకు సొంత నీళ్లలో ఆసియా జట్లతో తలపడే అవకాశం వస్తే సిగ్గుపడాలా?

ఇక చివరి పాయింటు. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే. ‘ఇది ఆరడుగుల ఐరోపావాళ్ల ఆట. మన పిల్లల్ని చేర్చడం దండగ.’

పోయిన శనివారం సాయంత్రం ఒక తండ్రి ఈతకొలను గట్టు మీదకు వచ్చి నాకు ఈ సందేశం చూపించాడు. వాళ్ల అబ్బాయికి పదమూడేళ్లు. ఎనిమిది నెలలుగా నా దగ్గర నేర్చుకుంటున్నాడు. మొదటి నెలంతా నీళ్లలో నిటారుగా నిలబడడమే నేర్పుతాం. అడుగుకు కాలు ఆనకుండా, రెండు కాళ్లూ గుడ్డు గిలకొట్టినట్టు తిప్పుతూ, చేతులు పైకెత్తి ఉంచాలి. మొదట్లో పిల్లలు అర నిమిషానికే మునిగిపోతారు. ఈ కుర్రవాడు ఇప్పుడు నాలుగు నిమిషాలు నిలబడతాడు. ‘సార్‌, మావాడు పొడుగు అవడు. మా ఇంట్లో ఎవరూ పొడుగు లేరు. మానిపిస్తాను’ అన్నాడు తండ్రి. మర్యాదగానే అన్నాడు. పిల్లవాడు గట్టు అంచున, తువ్వాలు కప్పుకుని, తల వంచుకుని నిలబడ్డాడు.

ఆ తండ్రికి అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

అయ్యా, జపాన్‌ను చూడండి. వాళ్ల జట్టు ఒలింపిక్‌ వాటర్‌ పోలోలో 1984 తర్వాత ముప్పై రెండేళ్లు కనిపించలేదు. వాళ్లకూ ఇదే మాట చెప్పారు, పొట్టివాళ్లు, ఐరోపా భుజాలకు ఆనలేరు అని. యోజి ఒమోటో అనే కోచ్‌ ఆటగాళ్ల ఎత్తు పెంచలేదు, ఆట మార్చాడు. సాధారణంగా రక్షణలో ఉన్నవాడు ప్రత్యర్థి వెనక, గోల్‌ వైపు ఉంటాడు. అక్కడ బలం ఉన్నవాడిదే రాజ్యం, నీళ్ల కింద పట్టుకోవడం, నొక్కడం, తోయడం. ఒమోటో తన ఆటగాళ్లను ప్రత్యర్థి ముందుకు, బంతి వచ్చే దారిలోకి పంపాడు. బంతిని దారిలోనే అందుకోవాలి, అందుకున్న మరుక్షణం అవతలి గోల్‌ వైపు ఈదాలి. దీనికి కావలసింది వేగం, కళ్లు, ఊపిరి. 2015 చివర్లో చైనాలో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్‌ గెలిచి వాళ్లు రియో వెళ్లారు. హాంగ్‌జౌలో స్వర్ణం గెలిచి పారిస్‌కు చోటు సంపాదించారు.

హాంగ్‌జౌ స్వర్ణానికి ముందు జపాన్‌ ఆసియా క్రీడల్లో చివరిసారి గెలిచింది ఎప్పుడో తెలుసా? 1970లో, బ్యాంకాక్‌లో. ఆ రోజు వాళ్ల పక్కన రజతం అందుకుని నిలబడింది మనమే. సందేశం రాసినవాడికి ఈ పతకం సంగతే తెలియదు. 1982లో ఢిల్లీలో వచ్చిన కాంస్యం సంగతీ తెలియదు. ‘మరిచిన బంగారం’ అని శీర్షిక పెట్టి మిగతా రెండు పతకాలను తానే మరిచిపోయాడు. బ్యాంకాక్‌లో ఆ రెండు జట్లూ పక్కపక్కనే ఉన్నాయి. తర్వాత రెండూ వెనకబడ్డాయి. ఒకరు యాభై మూడేళ్లకు తిరిగి వచ్చారు. రెండో జట్టు తిరిగి రాలేదు. అందుకు ఎత్తు కారణమైతే మొదటి జట్టు కూడా రాకూడదు.

కారణాలు కావాలంటే మా కొలనుకు రండి, చూపిస్తాను. ఆటకు ఆ కొస నుంచి ఈ కొస దాకా నిలువెత్తు లోతుండాలి. నేను నేర్చుకున్న కొలనులో ఒక కొస మూడున్నర అడుగులే. సగం మంది నేల మీద నిలబడి, సగం మంది తేలుతూ ఆడేవాళ్లం. అలా ఆడి పెద్ద పోటీకి వెళ్తే, సర్వీసెస్‌, రైల్వేస్‌, కేరళ, బెంగాల్‌ కుర్రాళ్ల ముందు ఆటలో రెండో పావు భాగానికే మా తొడలు పట్టేసేవి. ఆ జట్లలో వాళ్లు కూడా మనలాంటి ఎత్తువాళ్లే. వాళ్లకు లోతైన నీళ్లున్నాయి, ఏడాది పొడవునా ఆటుంది, ఆడితే ఉద్యోగం వస్తుందన్న నమ్మకముంది. దండగ అనే మాట ఆ కుర్రాళ్ల ఇళ్లలో చెప్పి చూడండి.

గోల్‌ కాచిన నా స్నేహితుడా, నీకు విడిగా ఫోను చేస్తాను. ఆ మూడున్నర అడుగుల కొసలో నీ మోకాళ్లు ఎన్నిసార్లు గీరుకుపోయాయో నీకు గుర్తు చేయాలి.

ఆ తండ్రికి ఇదంతా ఈ రాత్రే పంపుతున్నాను. వాళ్ల అబ్బాయి టోపీ నా సంచిలోనే ఉంది. నీలం రంగుది, నాలుగో నంబరు. సోమవారం ఉదయం ఆరింటికి గట్టు మీద పెట్టి ఉంచుతాను.