బూ క్రా కన్వేయర్ బెల్టు గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ బూ క్రా కన్వేయర్ బెల్టు గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరు కూడా క్షేమంగా, ఆగకుండా తిరుగుతున్నారని తలుస్తాను.

ఉత్తరం రాయడం కంటే కవరు మీద అడ్రసు రాయడమే కష్టమైంది. మీ పేరు రాశాను. ఊరు రాశాను. దేశం దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగింది. పోస్టాఫీసు కౌంటర్లో ఆవిడ కంప్యూటర్లోకి చూస్తూ "ఏ దేశం సార్?" అంది. "పశ్చిమ సహారా అమ్మా" అన్నాను. "సహారా ఎడారి కదా సార్, దేశం పేరు చెప్పండి" అంది. వెనక క్యూలో ఇద్దరు గట్టిగా దగ్గారు. ఐక్యరాజ్యసమితి ఆ నేలను 1963 నుంచి "స్వపరిపాలన లేని ప్రాంతాల" జాబితాలో పెట్టుకుని కూర్చుందనీ, మొరాకో దాన్ని తన దక్షిణ రాష్ట్రాలు అంటుందనీ, అక్కడి సహ్రావీలు 1976లోనే తమ గణతంత్రాన్ని ప్రకటించుకున్నారనీ, మ్యాపులు వేసేవాళ్లు మధ్యలో చుక్కల గీత గీసి చేతులు దులుపుకుంటారనీ కౌంటరు దగ్గర నిలబడి ఎలా చెప్పను? "మళ్లీ వస్తానమ్మా" అని కవరు జేబులో పెట్టుకుని వచ్చేశాను.

ఇంతకీ ఈయనెవరు, నాకేం చుట్టం అనుకుంటున్నారేమో. చుట్టరికం ఉంది. మా నాన్న సింగరేణిలో బెల్టు మీద పనిచేశాడు. రోలరు పట్టేస్తే ఎలా కీచుమంటుందో, అతుకు దగ్గర రబ్బరు ఎలా విచ్చుకుంటుందో, కింద రాలిన బొగ్గును పారలతో ఎత్తి మళ్లీ బెల్టు మీదే పొయ్యడం షిఫ్టులో సగం పని ఎలా అవుతుందో, ఇవన్నీ అన్నం తింటూ విన్నవాణ్ని. బెల్టు పక్కన పొడుగునా ఒక తాడు ఉంటుందని కూడా చెప్పేవాడు. ఇంజినీరే లాగాలని లేదు, జనరల్ మజ్దూరు లాగినా బెల్టు ఆగాల్సిందే. ఎందుకు లాగావన్న సంజాయిషీ ఆ తర్వాత.

మా నాన్న బెల్టు మీ ముందు ఎంత లెండి. మీరు దాదాపు 100 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో రాయి వేస్తే సిద్దిపేటలో దిగుతుంది. బూ క్రా గని నుంచి అట్లాంటిక్ ఒడ్డున ఎల్ అయూన్ రేవు దాకా, ఎరువులకు ముడిసరుకైన ఫాస్ఫేటును గంటకు 2,000 టన్నులు మోసే సత్తా. ఉపగ్రహం తీసిన ఫొటోలో మిమ్మల్ని చూశాను. ఎడారి మీద స్కేలు పెట్టి గీసినట్టు ఒక గీత, దాని పక్కన సుద్దపొడి చల్లినట్టు తెల్లటి చార. మీ మీంచి గాలికి లేచిపోయిన పొడే అది. చిల్లుపడ్డ బియ్యం బస్తా ఎత్తుకుపోతే దారి పొడుగునా గింజలు రాలినట్టు, అంతరిక్షం నుంచి కూడా కనబడేలా ఆనవాలు వదులుతున్నారు. ఈ వ్యవహారంలో అంత నిజాయితీ ఇంకెవరిలోనూ నాకు కనబడలేదు. అందుకే కంపెనీలకూ కోర్టులకూ కాకుండా మీకు రాస్తున్నాను.

మీ పుట్టుక గొప్పింటిదే. ఆ మట్టిలో ఫాస్ఫేటు ఉందని 1947లో స్పెయిన్ భూగర్భ శాస్త్రవేత్త కనిపెట్టాడు. జర్మనీ క్రుప్ కంపెనీ మిమ్మల్ని కట్టింది. 1972లో తిరగడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది సహ్రావీల విముక్తి సంస్థ పోలిసారియో పుట్టింది, ఆ పైఏడాదే మీ మీద చెయ్యి చేసుకుంది. 1975 అక్టోబరు 16న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం తన అభిప్రాయం చెప్పింది: అక్కడి కొన్ని తెగలు మొరాకో సుల్తానుకు విధేయులుగా ఉన్నమాట నిజమే, కానీ ఆ నేల మీద మొరాకోకు సార్వభౌమత్వం ఉన్నట్టు తేలలేదు, తమ సంగతి అక్కడివాళ్లే తేల్చుకోవాలి. రాజు రెండో హసన్ మొదటి సగం చదివి గెలిచామన్నాడు. ఆ రోజే ప్రకటన చేసి, నవంబరు 6న 3,50,000 మందిని సరిహద్దు దాటించాడు. మీ తాత మా తాతకు దండం పెట్టేవాడు కాబట్టి నీ పొలం నాదన్నట్టు.

అప్పటిదాకా పెత్తనం చేసిన స్పెయిన్ ఏం చేసింది? నవంబరు 14న మాడ్రిడ్‌లో ఒప్పందం రాసుకుని పరిపాలన మొరాకోకు, మౌరిటానియాకు అప్పగించింది. మీ కంపెనీలో మాత్రం 35 శాతం వాటా అట్టేపెట్టుకుంది. అద్దెకున్నవాడు ఇల్లు ఖాళీ చేస్తూ తాళం ఓనరుకు కాకుండా పక్కింటివాడికిచ్చి, పెరట్లో కొబ్బరిచెట్టులో తన వాటా మర్చిపోవద్దని చెప్పి వెళ్లినట్టు. ఆ వాటా 2002 దాకా ఉంది.

మొరాకో సంగతి ఇంకా చిత్రం. ప్రపంచ ఫాస్ఫేటు నిల్వల్లో 70 శాతం దాకా దాని సొంత గడప లోపలే ఉన్నాయి. ఆకు నిండా గారెలు పెట్టుకుని పక్కవాడి ఆకులో గారె మీద చెయ్యి వేసేవాణ్ని ఏమంటారో మా వైపు ఒక మాట ఉంది, ఉత్తరంలో రాయకూడదు.

చట్టం లేక కాదండీ. 1907 నాటి హేగ్ నిబంధనల్లో 55వది చదివితే మా ఊరి కౌలు కాగితం చదివినట్టే ఉంటుంది. ఆక్రమించినవాడు అక్కడి ప్రభుత్వ ఆస్తికి కౌలుదారు లాంటివాడు. తోటలో కాయలు కోసుకోవచ్చు, చెట్టు కొట్టి కలప అమ్ముకోకూడదు. ఫాస్ఫేటు మళ్లీ కాసే కాయ కాదన్నది మీకు తెలియంది కాదు, యాభై ఏళ్లుగా మోస్తున్నారు. దీనికి మొరాకో దగ్గర తేలిక సమాధానం ఉంది: "మేం ఆక్రమించలేదు, తిరిగి తెచ్చుకున్నాం."

2001లో మొరాకో ఆ తీరంలో చమురు వెతకమని టోటల్‌కు, కెర్-మెక్‌గీకి కాగితాలు రాసిచ్చింది. భద్రతా మండలి అడిగితే, ఐరాస న్యాయ సలహాదారు హాన్స్ కోరెల్ 2002 జనవరి 29న జవాబు రాశాడు. ఈ కాగితాలు వాటంతట అవి చట్టవిరుద్ధం కావు గానీ, అక్కడి ప్రజల ప్రయోజనాలనూ ఇష్టాన్నీ పట్టించుకోకుండా ముందుకెళ్తే చట్టాన్ని మీరినట్టే అన్నాడు. కంపెనీలకు ఇందులో "ప్రయోజనం" అన్న ముక్క తెగ నచ్చింది. ప్రయోజనానికి ఫొటో తీయొచ్చు. బడి కట్టాం, కుళాయి వేశాం, ఇదిగో రిబ్బను. "ఇష్టం" దగ్గరే చిక్కు. దాన్ని అడగాలి. పెళ్లిచూపుల్లో పిల్లను తప్ప అందర్నీ అడిగి, పిల్ల మంచికే కదా అని ముహూర్తం పెట్టేసినట్టు నడిచింది కథ. ఇష్టం అడగడానికే 1991లో ఐరాస ఒక బృందాన్ని పంపింది, దాని పేరులోనే రెఫరెండం ఉంది. రెఫరెండం ఇప్పటికీ పేరులోనే ఉంది. 2025 అక్టోబరు 31న భద్రతా మండలి, మొరాకో ఇస్తానంటున్న స్వయంప్రతిపత్తి ఆధారంగా మాట్లాడుకోండని తీర్మానించింది.

(మీ వృత్తిలో ఇంతకంటే సిగ్గులేని సన్నివేశాలు కూడా ఉన్నాయి లెండి. అప్పట్లో ఇండోనేషియా ఆక్రమణలో ఉన్న తూర్పు తిమోర్ సముద్రం కింది చమురును పంచుకుంటూ ఆస్ట్రేలియా, ఇండోనేషియా విదేశాంగ మంత్రులు 1989 డిసెంబరులో అదే సముద్రం పైన విమానంలో సంతకాలు చేసి షాంపేన్ తాగారు. కింద ఉన్నవాళ్లకు గ్లాసుల చప్పుడు వినపడి ఉండదు.)

లక్సెంబర్గ్‌లోని యూరప్ కోర్టు 2016లో తేల్చి చెప్పింది: పశ్చిమ సహారా వేరు, మొరాకో వేరు, మొరాకోతో యూరప్ చేసుకున్న వాణిజ్య ఒప్పందం అక్కడ చెల్లదు. యూరప్ అధికారులు తెలివైనవాళ్లు. ఒప్పందం సవరించి, అక్కడ ఉంటున్న "జనాభాను" సంప్రదించామన్నారు. జనాభాలో మొరాకో నుంచి వచ్చి స్థిరపడినవాళ్లే ఎక్కువ, అసలువాళ్లలో చాలామంది అల్జీరియా శిబిరాల్లో ఉన్నారు. 2024 అక్టోబరు 4న కోర్టు మళ్లీ చెప్పింది: కావలసింది జనాభా మాట కాదు, ఆ నేల ప్రజల సమ్మతి. అదే రోజు ఇంకో తీర్పులో, అక్కడ పండిన కర్బూజా, టమాటా మీద పుట్టిన చోటు పశ్చిమ సహారా అనే రాయాలంది. ఏడాది తిరిగేసరికి కొత్త ఏర్పాటు వచ్చింది. ఇప్పుడు లేబుల్ మీద మొరాకో పెట్టిన ప్రాంతం పేరు రాస్తే చాలట.

ఆ లేబుల్ సంగతి చదివినప్పుడు నాకు సహ్రావీ హక్కుల కార్యకర్త అమీనతూ హైదర్ గుర్తొచ్చింది. 2009 నవంబరులో ఆమె ఎల్ అయూన్ విమానాశ్రయంలో దిగి, ల్యాండింగ్ కార్డులో "పశ్చిమ సహారా" అని రాసింది. పాస్‌పోర్టు లాక్కుని స్పెయిన్ వాళ్ల లాంజరోటే దీవికి పంపేశారు. ఆ విమానాశ్రయంలోనే 32 రోజులు నిరాహార దీక్ష చేస్తే గానీ ఇంటికి రానివ్వలేదు. కర్బూజా అయి పుట్టి ఉంటే కనీసం కోర్టన్నా ఆ పేరు రాయమనేది.

చట్టానికి ఒక్కసారి చెయ్యి లేచింది, అదీ చెప్పాలి. 2017 మే 1న "చెర్రీ బ్లోసమ్" అనే ఓడ మీరు మోసిన ఫాస్ఫేటు యాభై వేల టన్నులకు పైగా నింపుకుని న్యూజీలాండ్ పోతూ దక్షిణాఫ్రికాలోని పోర్ట్ ఎలిజబెత్‌లో ఆగింది. పోలిసారియో కోర్టుకెక్కింది. ఓడను కట్టేశారు. 2018 ఫిబ్రవరిలో కోర్టు ఆ సరుకు సహ్రావీలదేనని చెప్పింది. ఓడ ఏడాది పాటు కదల్లేదు. ఆ తర్వాత వేలం అనీ, బేరం అనీ జరిగి, తిరిగి తిరిగి ఆ సరుకు సహ్రావీల చేతికి మాత్రం రాలేదు. న్యూజీలాండ్ వెళ్లే ఓడలు మాత్రం పాఠం నేర్చుకున్నాయి. అప్పులవాడి ఇల్లున్న వీధి తప్పించి పక్క సందులోంచి పోయినట్టు, దక్షిణాఫ్రికా వైపు రాకుండా దక్షిణ అమెరికా కొస చుట్టి పోవడం మొదలుపెట్టాయి. చట్టం ఉన్న దారిన వెళ్లకపోతే చట్టం తప్పినట్టు కాదు కదా.

ఇంకో మాట, మీరు పర్యావరణానికి మేలు చేస్తున్నారట, అభినందనలు. 2013 నుంచి మీకూ, గనికీ కరెంటు దాదాపు అంతా ఫూమ్ ఎల్ ఊద్ గాలిమరల నుంచే వస్తోంది, 22 సీమెన్స్ మరలు. సహ్రావీల గాలితో తిరిగే మర, సహ్రావీల మట్టిని మోసే బెల్టును తిప్పుతుంది. పొగ లేదు, మసి లేదు.

ఇంతదాకా చదివి, ఈయన ఎక్కడో కూర్చుని మాకు నీతులు చెబుతున్నాడేమిటి అనుకుంటారు. అసలు సంగతికి వస్తున్నా. మన దేశం 1985లో సహ్రావీ గణతంత్రాన్ని గుర్తించింది. 2000లో ఆ గుర్తింపు వెనక్కి తీసుకుంది. 2002లో ఒడిశాలోని పరదీప్ ఫాస్ఫేట్స్‌లో ప్రభుత్వం తన మెజారిటీ వాటా అమ్మితే, కొన్న ఉమ్మడి కంపెనీలో సగం భాగస్వామి మీ యజమాని, మొరాకో ప్రభుత్వ సంస్థ ఓసీపీ. దేనివల్ల ఏది జరిగిందో నేను చెప్పలేను, సంవత్సరాలు వరసలో రాశానంతే. మీ రేవు నుంచి వచ్చే ఓడలను లెక్కపెట్టేవాళ్ల పద్దుల్లో పరదీప్ పేరు కూడా ఉంది.

మాకు మూడెకరాలుంది. ప్రతి వానాకాలం దుక్కిలో డీఏపీ వేస్తాను. సంచి మూతి కుట్టు చూశారా ఎప్పుడైనా? సరైన కొస దొరికితే ఒక్క గుంజుకు దారమంతా సర్రున ఊడొస్తుంది. తప్పు కొస పట్టుకుంటే కొడవలి తెచ్చుకోవాల్సిందే. సంచి మీద నత్రజని 18, భాస్వరం 46 అని పెద్దక్షరాల్లో ఉంటుంది, ధర 1,350 ఉంటుంది. ఆ భాస్వరం ఏ నేలలోంచి వచ్చిందో ఏ సంచీ చెప్పలేదు, నేనూ ఏ సంచినీ అడగలేదు. దోసిట్లోకి తీసుకుంటే అన్నీ ఒకేలాంటి గింజలు. చెమట చేతికి అంటుకుని, సాయంత్రం అన్నంలో చెయ్యి పెట్టే ముందు రెండుసార్లు కడుక్కోవాలి. మీరు నాలుగు రోజులు ఆగి సంచికి యాభై రూపాయలు పెరిగితే, షాపు ముందు అందరికంటే గట్టిగా అరిచేది నేనే. అది కూడా రాసుకోండి.

అల్జీరియాలో టిండూఫ్ దగ్గర సహ్రావీ శిబిరాలున్నాయి. యాభై ఏళ్లుగా లక్షన్నరకు పైగా జనం. ఆ శిబిరాలకు వాళ్లు పోగొట్టుకున్న ఊళ్ల పేర్లే పెట్టుకున్నారు: స్మారా, దఖ్లా, బౌజ్దూర్, అవ్‌సెర్ద్. ఒకదాని పేరు ఎల్ అయూన్. అంటే మీరు మట్టి దించే ఊరు ఒకటి, ఆ పేరుతో మట్టి ఇళ్లూ గుడారాలూ ఉన్న ఊరు ఇంకొకటి. రెండింటి మధ్య మొరాకో సైన్యం కట్టిన 2,700 కిలోమీటర్ల ఇసుక గోడ, దాని పొడుగునా మందుపాతరలు. నా ఉత్తరం ఏ ఎల్ అయూన్‌కు పోతుందో పోస్టు వాళ్ల దయ.

మా నాన్నకు మీ ఫొటో ఫోన్లో చూపించాను. పెద్దది చేసి ఆ కొస నుంచి ఈ కొసదాకా వేలితో జరుపుతూ చాలాసేపు చూశాడు. రాలిన పొడి సంగతి అడుగుతాడనుకున్నాను. "దీనికి తాడు ఏ పక్కన ఉందిరా?" అన్నాడు.

ఇట్లు,
మీ భాస్వరం తిని పెరిగిన
ఒక మూడెకరాల ఆసామి

తా.క.: ఇవాళ మళ్లీ పోస్టాఫీసుకు వెళ్లాను. లిస్టులో దొరక్కపోతే మొరాకో అని రాయండి సార్, ఎట్లయినా పోతుంది అంది ఆవిడ. నేను పశ్చిమ సహారా అనే రాసి, స్టాంపులు అంటించి ఇచ్చాను. ఇది మీ దాకా చేరితే కవరు పారేయకుండా ఒకసారి చూడండి. దేశం పేరు మీద ఎవరైనా పెన్నుతో కొట్టేసి ఉంటే, ఏ ఊరి ముద్ర దగ్గర కొట్టేశారో కాస్త తెలియజేయగలరు.