డైనోసార్ లేకపోతే మార్కులు లేవట

మా అక్క కొడుకు ఎనిమిదో తరగతి, ఇక్కడే చెన్నై అడయార్‌లో. అంతరించిన జీవుల మీద స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు. వాడు బెసెంట్ నగర్ బీచ్‌లో ఏరిన గుల్లలు ఒక పక్క, అరియలూరులో తీసిన రాతి ఆలిచిప్పల ఫొటోలు ఇంకో పక్క అంటించి పట్టుకెళ్ళాడు. గుల్లలు వద్దు, డైనోసార్ పెట్టమని వెనక్కి పంపారు.

నాకు ఒళ్ళు మండింది. డైనోసార్ ఎముకలు ఎక్కడో ఒకటీ అరా దొరుకుతాయి. గుల్ల అలా కాదు. గట్టిది, లెక్కలేనన్ని ఉంటాయి, బురదలో పూడిపోయి నిలుస్తుంది. ఏ రాతి పొరలో ఎవరున్నారో, పై పొరలో ఎవరు లేరో పద్దు రాసుకోవచ్చు. 1833లో చార్లెస్ లయల్ అనే భూగర్భ శాస్త్రవేత్త చేసింది అదే. గుల్లల్ని పోల్చి చూసింది మాత్రం దేశే అనే ఫ్రెంచాయన (ఆయన్ని ఎవరూ తలుచుకోరు, అది వేరే కడుపుమంట). ఇప్పటికీ బతికున్న జాతులు సుమారు 3.5 శాతమే ఉన్న పొరలకి లయల్ ఇయోసీన్ అని పేరు పెట్టాడు. పైపొరలకి వచ్చేకొద్దీ తెలిసిన మొహాలు పెరుగుతాయి. పెళ్ళి ఫొటోలు చూడండి. తాతగారి పెళ్ళిలో ఇప్పుడున్నవాళ్ళు ఒకరో ఇద్దరో, నా పెళ్ళిలో దాదాపు అందరూ.

అంటే చాలా జాతులు ఏ ఉల్కా పడకుండానే, చప్పుడు లేకుండా పోయాయి. వాటి చోట్లోకి కొత్తవి వచ్చాయి. 6.6 కోట్ల ఏళ్ళ కిందట ఉల్క పడ్డప్పుడు మాత్రం లెక్కే మారిపోయింది. మామూలు రోజుల్లో, ఒక వంశంలో జాతులు ఎక్కువుంటే దానికి బలం. ఆ గండంలో ఆ బలం అక్కరకు రాలేదని, దూరదూర తీరాలకి పరుచుకున్న వంశాలే ఎక్కువగా గట్టెక్కాయని 1986లో డేవిడ్ జబ్లాన్‌స్కీ అనే శిలాజ శాస్త్రవేత్త గుల్లల్నే లెక్కపెట్టి చూపించాడు. నెల్లూరులో పొలం మునిగినా మద్రాసులో కొట్టున్నవాడు నిలదొక్కుకున్నట్టు.

ఆ ఉల్కకి ముందున్న సముద్రం మనకి నాలుగైదు గంటల దూరంలో, అరియలూరులో రాయిగా పడి ఉంది. ఆలిచిప్పలతో నిండిన ఆ సున్నపురాయిని సిమెంటు కోసం తవ్వుతున్నారు. మా ఫ్లాట్ గోడల్లోనూ కాస్త ఉండే ఉంటుంది.

ఇదంతా అరుస్తుంటే అమ్మ పూజగదిలోంచి, "ఇంతకీ ఆ పోయినవాటిలో మనకి తెలిసినవి ఏమైనా ఉన్నాయా?" అంది. ఆవిడ చేతిలో ఉన్నది గండకీ నది సాలగ్రామం. అందులోని చక్రం అమ్మోనైట్ అనే పాతకాలపు సముద్రజీవి గుల్ల అచ్చే. వాటి వంశం మొత్తం పోయిందని చెప్పాను. పాపం అనుకుంది. దగ్గరి చుట్టాలెవరైనా మిగిలారా అని అడిగింది.

మిగిలారు. స్క్విడ్, కటిల్‌ఫిష్. కాశీమేడు చేపల మార్కెట్లో కణవా అని అమ్ముతారు.

సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.