తెలియదన్న జవాబు చెల్లదు

పనిచేసే చోట ప్రమాదం జరగ్గానే యజమానిని దోషిని చేసి మాట్లాడటం తేలిక. అతడికీ న్యాయవాదిని పెట్టుకునే హక్కుంది, తన వాదన వినిపించే హక్కుంది. పాత నడుంనొప్పిని నిన్నటి దెబ్బగా చూపే దరఖాస్తులు వస్తుంటాయి. యంత్రం పనితీరు సరిగా తెలియని తనిఖీ అధికారులు రాసే నోటీసులూ ఉంటాయి. వాటిని ఎదిరించడాన్ని మేము తప్పుపట్టడం లేదు. ఆ హక్కును చాలా యాజమాన్యాలు వాడుకుంటున్న తీరు మీదే మా అభ్యంతరం.

యజమానుల తరఫు వాదనకు చాలా పాత చరిత్ర ఉంది. 1837లో ఇంగ్లండ్‌లో ఒక మాంసం వ్యాపారి దగ్గర పనిచేసే కుర్రాడు, మోయలేనంత సరుకు ఎక్కించిన బండి కూలడంతో తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. జ్యూరీ (కేసు విని తీర్పు చెప్పే సామాన్య పౌరుల బృందం) 100 పౌండ్లు ఇప్పించింది. పై కోర్టు కాదంది. బండి పరిస్థితి యజమానికి ఎంత తెలుసో ఎక్కినవాడికీ అంతే తెలుసు, ఇష్టం లేకపోతే ఎక్కకుండా ఉండాల్సింది అన్నది ఆ తీర్పు సారాంశం. 1842లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో, తోటి ఉద్యోగి రైలు పట్టాలను సరిగా మార్చనందువల్ల చెయ్యి పోగొట్టుకున్న ఇంజన్ డ్రైవరుకూ ఇదే ఎదురైంది. ముప్పుకు వెల అతడి జీతంలోనే కలిసి ఉందని న్యాయస్థానం చెప్పింది. తోటి పనివాడి తప్పు, తెలిసి ఒప్పుకున్న ముప్పు, గాయపడ్డవాడి సొంత అజాగ్రత్త. ఈ మూడు డాళ్లూ చేతిలో ఉన్న యజమాని ఇక దేనికి జవాబు చెప్పాలి?

ఆ డాళ్లను పక్కన పెట్టించడానికే నష్టపరిహార చట్టాలు పుట్టాయి. జర్మనీలో 1884, బ్రిటన్‌లో 1897, భారతదేశంలో 1923. తప్పెవరిదని అడగకుండా పరిహారం ఇవ్వాలి. చాలా దేశాల్లో దానికి బదులుగా కార్మికుడు పెద్ద మొత్తానికి దావా వేసే హక్కును వదులుకోవాలి. అది ఇరుపక్షాల ఒప్పందం. దాన్ని యజమానులు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. న్యూయార్క్ రాష్ట్రం తెచ్చిన పరిహార చట్టం యజమానుల ఆస్తిహక్కుకు విరుద్ధమంటూ అక్కడి ఉన్నత న్యాయస్థానం 1911 మార్చి 24న కొట్టేసింది. మరునాడే అదే రాష్ట్రంలో ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారం తగలబడి 146 మంది చనిపోయారు. తొమ్మిదో అంతస్తులో ఒక తలుపుకు తాళం వేసి ఉందన్నది ప్రధాన ఆరోపణ. ఆ ఏడాది డిసెంబరులో యజమానులిద్దరూ నిర్దోషులుగా బయటపడ్డారు. తలుపు మూసి ఉన్న సంగతి ఆ సమయానికి వారికి తెలుసని జ్యూరీకి అనుమానానికి తావులేకుండా రుజువు కావాలి, కాలేదు. తన కర్మాగారం తలుపు గురించి తనకు తెలియకపోవడమే యజమానికి రక్షణ అయింది.

ఆ తర్వాతి శతాబ్దంలో భద్రతా చట్టాలు తలకిందులు చేసింది సరిగ్గా ఈ వాదననే. తెలుసా అని అడగడం మానేసి, తెలుసుకోవడానికి ఏం చేశావని అడగడం మొదలుపెట్టాయి. బ్రిటన్‌లో 1974 నాటి చట్టం ప్రకారం, సాధ్యమైనంత జాగ్రత్త తీసుకున్నానని నిరూపించుకోవాల్సింది ముద్దాయే. అమెరికాలో ‘ఇది ఉద్యోగి తప్పు, మేము ఆపగలిగేది కాదు’ అనే యాజమాన్యం నాలుగు సంగతులు చూపించాలి. ఆ పనికి భద్రతా నియమం ఉందా? అది కార్మికులకు అర్థమయ్యేలా చెప్పారా? ఉల్లంఘనలను పట్టుకోవడానికి ఏ ఏర్పాటు ఉంది? పట్టుబడినవారిపై నిజంగా చర్య తీసుకున్నారా? ఇందులో మొదటి రెండూ కాగితంతో తీరిపోతాయి. కేసులు బోల్తాపడేది చివరి రెండింటి దగ్గర.

లోహపు రేకును నొక్కి వస్తువులు చేసే ఒక ప్రెస్ యంత్రాన్ని ఊహించండి. వేళ్లు లోపలికి పోకుండా అమర్చిన గార్డును తీగతో వెనక్కి కట్టేసి ఉంచారు, ఎందుకంటే గార్డు దిగి లేచేలోపు రెండు మూడు వస్తువులు తక్కువ తయారవుతాయి. ఆ తీగకు తుప్పు పట్టింది. అంటే అది నిన్న కట్టింది కాదు. సూపర్‌వైజరు రోజూ ఆ పక్క నుంచే వెళతాడు, లక్ష్యం పూర్తయిందా అని అడుగుతాడు, తీగ గురించి అడగడు. వేళ్లు తెగిన రోజున మాత్రం గార్డు తీసింది కార్మికుడేనని యాజమాన్యం జవాబు దాఖలు చేస్తుంది. శిక్షణ రిజిస్టరు తెస్తుంది. ఆరు నెలల సంతకాలు ఒకే పెన్నుతో, ఒకే ఒత్తిడితో ఉంటాయి. ఎదుటి న్యాయవాది అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: గార్డు తీసినందుకు ఈ ప్రమాదానికి ముందు ఎవరికైనా మెమో ఇచ్చారా? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అక్కడ కనిపిస్తుంది. అదే యజమాని, తీగ కనపడిన రోజే యంత్రం ఆపి, మెమో ఇచ్చి, లక్ష్యాన్ని తగ్గించి ఉంటే, ప్రమాదం జరిగినా కోర్టులో అతడి మాటకు బలం ఉండేది. అసలు ప్రమాదమే జరిగి ఉండేది కాదేమో, అది వేరే సంగతి.

కార్మికుడి తప్పు అనే వాదన నష్టపరిహార చట్టాల్లోకి దొడ్డిదారిన తిరిగి వస్తోందన్నది మా మరో ఆందోళన. భారత చట్టం మద్యం మత్తు, భద్రతా ఆజ్ఞను కావాలని ధిక్కరించడం, రక్షణ సాధనాన్ని కావాలని తొలగించడం అనే మూడు మినహాయింపులు యజమానికి ఇచ్చింది. కానీ కార్మికుడు చనిపోతే అవేవీ పనిచేయవు. ఎందుకో గ్రహించడం కష్టం కాదు. చనిపోయినవాడు తన పక్షాన ఏమీ చెప్పలేడు, ఆకలి భార్యాబిడ్డలది. ఇంత స్పష్టంగా ఉన్నా, మరణం కేసుల్లోనూ జవాబు దావాల్లో మత్తు ప్రస్తావన తెచ్చి కుటుంబాన్ని బేరానికి దించాలని చూసే న్యాయవాదులకు ఏం చెప్పాలి?

న్యాయవాదుల సలహాల్లో హాని చేసేవి మరో రెండు ఉన్నాయి. యంత్రాన్ని ఇప్పుడు బాగుచేయిస్తే తప్పు ఒప్పుకున్నట్లవుతుంది కనుక ముట్టుకోవద్దనేది ఒకటి. మరమ్మతును నిర్లక్ష్యానికి రుజువుగా వాడుకోకూడదని అమెరికా ఫెడరల్ సాక్ష్య నియమాలు తేల్చి చెప్పాయి. ఆ రక్షణ స్పష్టంగా లేని చోట చట్టసభలు దాన్ని తేవాలి. ప్రమాదంపై అంతర్గత విచారణ నివేదికను న్యాయవాది గోప్యత చాటున దాచిపెట్టడం రెండోది. కక్షిదారుడి రహస్యాలకు రక్షణ ఉండాల్సిందే. అయితే బోల్టు ఎందుకు విరిగిందన్నది రహస్యం కాదు. అది పక్క షిఫ్టులో అదే యంత్రం ముందు నిలబడే మనిషికి ఆ రోజే తెలియాలి. సాంకేతిక కారణాల నివేదికను వేరుగా రాయించి యంత్రాలు నడిచే చోటికి పంపడం కష్టమేమీ కాదు.

అయిదారుగురితో నడిచే చిన్న పనిచోట్ల యజమాని బాధ నిజమైనదే. ఒక్క పరిహారంతో అతడి వ్యాపారం మూతపడవచ్చు. దానికి మందు బీమా. కార్మికుడి పరిహారంలో కోత కాదు. అయితే ప్రమాదాల సంఖ్యను బట్టి ప్రీమియం పెంచే పద్ధతిలో, గాయాన్ని నమోదు చేయకుండా చిల్లర ఖర్చులు ఇచ్చి ఇంటికి పంపే అలవాటు పెరుగుతుంది. ప్రీమియంను ప్రమాదాల లెక్కతో పాటు తనిఖీలకూ, మరమ్మతులకూ ముడిపెట్టాలని బీమా సంస్థలను కోరుతున్నాం.

ఇక జాప్యం. తగాదా ఎంత ఉన్నా, తాను ఒప్పుకున్న మేరకు డబ్బు యజమాని ముందే చెల్లించాలని, 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1923 నాటి భారత చట్టానికి తర్వాత చేర్చిన సెక్షన్ చెప్పింది. నెల దాటితే ఏటా 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే బకాయిలో సగం దాకా జరిమానా ఉండేవి. ఇలాంటి నిబంధనను వాడే అధికారం ఉన్నవారు మొదటి వాయిదాలోనే యజమాని తరఫు న్యాయవాదిని అడగాలి: మీరు ఒప్పుకునేది ఎంత, అది ఎప్పుడు జమచేస్తారు? మిగతా వాదన ఆ తర్వాత నిదానంగా వినవచ్చు.