యూరిక్ యాసిడ్ నెంబర్ చూసి పెద్దవాళ్ల కంచం లాగేయకండి

పోయిన నెల మా నాన్న బ్లడ్ రిపోర్ట్ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టారు, యూరిక్ యాసిడ్ 7.4 అన్న చోట పెన్నుతో రెండు గీతలు గీసి మరీ. వెంటనే వీడియో కాల్. "ఇది ఎక్కువైతే మతిమరుపు వస్తుందంట కదా తల్లీ" అన్నారు. 78 ఏళ్ల మనిషి, గౌట్ (యూరిక్ యాసిడ్ కీళ్లలో చేరి వచ్చే జబ్బు) నొప్పి ఒక్కసారి కూడా రాలేదు, అయినా ఎవరో పంపిన ఫార్వర్డ్ చదివి మూడు వారాల నుంచి తిండి సగానికి సగం తగ్గించేశారు, చొక్కా కాలర్ మెడ దగ్గర వదులైపోయి కనిపిస్తోంది, నాకు ప్రాణం ఉసూరుమంది.

అప్పట్నుంచి దీని గురించి దొరికిందల్లా చదివాను. యూరిక్ యాసిడ్ విషమేం కాదు, మన కణాల్లో, తిండిలో ఉండే ప్యూరిన్లు అనే పదార్థాలు ఒంట్లో విరిగాక చివర్లో మిగిలేది, చాలా జంతువులకి దాన్ని ఇంకా విడగొట్టే యూరికేస్ అనే ఎంజైమ్ ఉంటుంది, మనకి అది ఎప్పుడో కోట్ల ఏళ్ల కిందటే పోయింది. ఎక్కువైతే కీళ్లలో స్ఫటికాలు కడుతుంది నిజమే, కానీ రక్తంలో యాంటీఆక్సిడెంట్‌గా (కణాలు దెబ్బతినకుండా కాపాడేదిగా) కూడా అదే పని చేస్తుంది. అందుకేనేమో మతిమరుపు విషయంలో రీసెర్చ్ కూడా ఒక్క మాట మీద లేదు. 2009లో నెదర్లాండ్స్ రోటర్‌డామ్ స్టడీలో బీపీ లాంటివి లెక్కలోంచి తీసేసి చూస్తే యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవాళ్లకే డిమెన్షియా (మతిమరుపు జబ్బు) తక్కువ కనిపించింది, 2018లో ఫ్రాన్స్‌లో పెద్దవాళ్ల మీద చేసిన స్టడీలో పూర్తిగా ఉల్టా, ముఖ్యంగా మెదడు రక్తనాళాలు దెబ్బతిని వచ్చే రకం డిమెన్షియా ఎక్కువ. నాకు అర్థమైనంతవరకు బీపీ, కిడ్నీ వీక్‌నెస్ ఉన్న ఒంట్లోనే యూరిక్ యాసిడ్ కూడా పెరుగుతుంది, మెదడుకి దెబ్బ ఏది కొట్టిందో విడదీసి చెప్పడం కష్టం. అటు సరిగ్గా తినక చిక్కిపోయినా ఇది తగ్గుతుంది, ఆ తగ్గడం ఏం గొప్ప?

పోనీ మెదడుకి మంచిదని పెంచుకుందామా అంటే అదీ కుదరదు. పార్కిన్సన్స్ (చేతులు వణికే మెదడు జబ్బు) పేషెంట్లకి ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే ఇనోసిన్ ఇచ్చి పెంచి చూశారు, 2021లో రిజల్ట్ వచ్చింది, జబ్బు నెమ్మదించలేదు, కిడ్నీలో రాళ్లు మాత్రం ఎక్కువయ్యాయి. మరీ దించడమూ వద్దు, గౌట్ మందులు వాడేవాళ్లకి కూడా ఎక్కువ కాలం 3 కిందకి దించి ఉంచొద్దని 2016 యూరప్ గైడ్‌లైన్స్ చెప్తున్నాయి. అలాగని గౌట్ ఉన్నవాళ్లు ఇది చదివి మాత్ర మానేయకండి దయచేసి, వాళ్ల సంగతి వేరు.

రిపోర్ట్‌లో ఇది ఎక్కువ కనిపిస్తే ముందు ఏ మాత్రలు వాడుతున్నారో డాక్టర్‌కి చూపించండి, బీపీకి ఇచ్చే కొన్ని నీటి మాత్రలు (మూత్రం ఎక్కువ పోయించేవి), చిన్న డోసు ఆస్పిరిన్ కూడా దీన్ని పెంచుతాయి. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ టెస్ట్ చూడమనండి. మతిమరుపు భయమే ఉంటే బీ12, థైరాయిడ్, నిద్ర, డిప్రెషన్, చెవులు, కళ్లు చూపించండి. డిమెన్షియాకి మనం తగ్గించుకోగలిగిన కారణాలని 2024లో లాన్సెట్ అనే మెడికల్ పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 14 చెప్పింది, అందులో బీపీ ఉంది, వినికిడి తగ్గడం ఉంది, ఒంటరితనం ఉంది, యూరిక్ యాసిడ్ లేదు.

నాన్నని కూడా చెవుల టెస్ట్‌కి పంపించాం. రెండు చెవులూ బాగా తగ్గాయన్నారు. ఫోన్‌లో నేను చెప్పినవి మర్చిపోతున్నారని ఏడాదిగా బాధపడుతున్నాను, వాటిల్లో చాలావరకు అసలు ఆయనకి వినపడనేలేదు.